కింది గైడులో ఇరుక్కున్నది

మా షెడ్డులో రంపం బ్లేడు మొదటిసారి తెగినప్పుడు నేను వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. తుపాకి పేలినట్టు చప్పుడైంది. వెంటనే ఇనుము మీద ఇనుము టపటపా కొట్టుకున్న గోల. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. చేతిలో తెడ్డుతోనే పరిగెత్తాను. మా ఆయన గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. ఆయన పక్కన గోడకు చేర్చి పెట్టిన తలుపు చెక్కలో తెగిన బ్లేడు కొస దిగబడి ఉంది. మిగతాదంతా మెలికలు తిరిగి కిందికి వేలాడుతూ ఇంకా వణుకుతోంది. ఆ కొసకూ ఆయన మెడకూ మధ్య జానెడు దూరం కూడా లేదు.

"యాడన్నా తగిలిందా?" అన్నాను.

"లేదు," అన్నాడు. కాసేపటికి మళ్లీ తనే, "లేదు కదా? నువ్వొకసారి చూడు," అని చొక్కా పైకెత్తాడు. ఎక్కడా గీత కూడా లేదు. అయినా నేను ఆయన వీపు, మెడ, చేతులు తడిమి తడిమి చూశాను. పొయ్యి మీద సంగటి మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

మాది హోసూరులో వడ్రంగం పని. మా మామగారి కాలంలో బండిచక్రాలు చేసేవారు. ఆయన పోయాక మా ఆయన తలుపులు, కిటికీలు మొదలుపెట్టాడు. అరవైల మొదట్లో మా వీధికి కరెంటు తీగలు వచ్చాయి. పక్కనున్న మత్తిగిరిలో కొత్తగా ఇళ్లు లేస్తున్నాయి, చేతిరంపంతో కోసి ఇస్తే గడువుకు అందడం లేదు. అందుకని కృష్ణగిరిలో ఒక దళారి ద్వారా కరెంటుతో తిరిగే పాత బ్యాండ్‌సా రంపం మిషను ఒకటి కొన్నాడు. అమ్మిన మనిషిని మేము చూడలేదు. కలప వ్యాపారం మానేసి మామిడిపండ్ల మండీ పెట్టుకున్నాడని, అందుకే అమ్ముతున్నాడని దళారి చెప్పాడు. పోత ఇనుముతో చేసిన మిషను, మనిషికంటే ఎత్తు. లారీ మీద నుంచి దించడానికి వీధివీధంతా చేయి వేసింది. మా అత్త దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి దిష్టి తీసింది.

మొదటి బ్లేడు తెగిన తర్వాత కొత్తది వేశాడు. అది కూడా పట్టుమని వారం కాకముందే తెగింది. ఈసారి తెగే ముందు బ్లేడు వెనక నుంచి నిప్పురవ్వలు రావడం నేను నా కళ్లతో చూశాను. మూడోది వేశాక దుంగను సూటిగా తోస్తే కోత పక్కకు పోయి వంకరగా వచ్చింది. చక్రాలు సరిచేశాడు, బెల్టు మార్చాడు, బిగువు తగ్గించాడు, పెంచాడు. ఏం చేసినా అదే తీరు. మా అత్త మాత్రం షెడ్డు గడప తొక్కడం మానేసింది.

"ఇది మిషను కాదురా, బ్లేడ్లు తినే రాకాసి. యాడ తెచ్చినావో ఆడే ఇడిసిపెట్టి రా," అనేది కొడుకుతో.

చివరికి మా ఆయనకు అనుమానం గైడుల మీదికి పోయింది. బ్యాండ్‌సా బ్లేడంటే ఒక ఉక్కు రిబ్బను. పైన ఒక పెద్ద చక్రం, కింద ఒక పెద్ద చక్రం, వాటి మీద అది గిరగిరా తిరుగుతుంది. మనం చెక్కను తోసినప్పుడు ఆ రిబ్బను పక్కలకు ఊగకుండా, వెనక్కు పోకుండా పట్టి ఉంచేవే గైడులు. బల్లకు పైన ఒకటి, బల్ల కింద ఒకటి ఉంటాయి. ఒక్కో గైడులో బ్లేడుకు అటూ ఇటూ రెండు దిమ్మలు, వీపు వైపున ఒక చిన్న చక్రం. చెక్క నెట్టినప్పుడు బ్లేడు వెనక్కు జరిగి ఆ చిన్న చక్రానికి ఆనుతుంది. అప్పుడది బ్లేడుతోపాటు తిరగాలి. తిరగకపోతే ఉక్కు ఉక్కును రాస్తుంది.

ఒకరోజు పొద్దున్నే కరెంటు ఆపేసి, గోనెసంచి పరిచి, మిషను విప్పడం మొదలుపెట్టాడు. నేను కిరసనాయిలు గిన్నె, పాతగుడ్డలు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన విప్పి ఇచ్చిన ముక్క నేను కడిగి వరసగా పెట్టాలి. పై గైడు తొందరగానే ఊడింది. అందులో ఇత్తడి దిమ్మలు ఒకవైపు అరిగి, పాత మెట్టులాగా ఏటవాలుగా అయిపోయాయి. "దీనికే కోత వంకర పోతా ఉండాది," అన్నాడు కొంచెం సంతోషంగా. తప్పు ఎక్కడుందో తెలిస్తే చాలు ఆయనకు.

కింది గైడు విప్పాలంటే బల్ల కిందికి దూరి వెల్లకిలా పడుకోవాలి. ఆయన దూరాడు. చాలాసేపు స్పానరు జారిన చప్పుళ్లు, గొణుగుళ్లు. తర్వాత, "ఏమే, ఇది చూడు ఎట్ల ఉండాదో," అని ఒక ముద్దను బయటికి తోశాడు. అది గైడు అని చెబితే తప్ప తెలియదు. రంపపు పొట్టు, చెక్క బంక, నూనె కలిసి గట్టిపడి రాయిలాగా అయింది. ఒకపక్క మాత్రం చిన్న చక్రం అంచు కనిపించింది. దాన్ని వేలితో తిప్పబోయాను. కదల్లేదు. దాని ముఖం మీద బ్లేడు వీపు కోసిన గాడి నా గోరు మునిగేంత లోతుగా ఉంది.

మా ఆయన దాన్ని చూసి నోరు తెరిచాడు. "తిరగాల్సిన చక్రమే తిరగడం లేదు. ఇన్నాళ్లూ ఈ గాడిలోనే బ్లేడు రాసుకుంటా ఉండాది. నా పక్కన నిలబడి సావు సరసమాడింది కదే!"

ఆ ముద్దను కిరసనాయిలులో నానబెట్టాం. మర్నాడు నేను పిన్నీసుతో కొంచెం కొంచెంగా గీకుతున్నాను. చక్రానికీ దాని ఇరుసును పట్టుకున్న ఇనుప చెవికీ మధ్య ఏదో పచ్చగా మెరిసింది. ఇత్తడి పెచ్చు అనుకున్నాను. పిన్నీసు కొస గుచ్చి గట్టిగా పైకి లేపాను. ఊడి నా ఒళ్లో పడింది.

ఉంగరం. ఒకచోట తెగి, నొక్కుకుపోయి, కోడిగుడ్డు ఆకారంలో ఉంది. ఎర్రరాయి ఇంకా ఊడలేదు. బంగారమని చూడగానే తెలిసింది. ముచ్చటపడి గుడ్డతో తుడవబోయాను. లోపలి అంచుకు ఎండి నల్లబడిన పొర ఒకటి అంటుకుని ఉంది. అది చెక్క బంక కాదు. ఏమిటో నా వేళ్లకు ముందు తెలిసింది, తర్వాత నాకు తెలిసింది. కెవ్వుమన్నాను. ఉంగరం ఎటు విసిరేశానో నాకే తెలియదు. కిరసనాయిలు గిన్నె దొర్లిపోయింది.

నా కేక విని, ఆ షెడ్డులోకి రానని ఒట్టు పెట్టుకున్న మా అత్త కూడా పరిగెత్తుకొచ్చింది. మా ఆయన పొట్టులో వెతికి ఉంగరాన్ని తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ఆమె దగ్గరికి వచ్చి చూసి, రెండడుగులు వెనక్కు వేసింది.

"ఎవురిదో వేలు పోయింది దీంట్లో," అంది. "మనిషి ఉండాడో పోయినాడో!"

ఆ పూట ఎవరమూ తినలేదు. నా చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా నాకు తృప్తి లేదు. అంతవరకు ఆ మిషను కోసిన తలుపులన్నీ నాకు కళ్లముందు తిరిగాయి. మా అత్త ఒకటే మాట పట్టుకుంది. ఆ బంగారం ఇంట్లో ఉండకూడదు, ఎవరిదో వాళ్లకు చేర్చాలి. మా ఆయన ఆమె మాట కాదనలేదు గానీ, పోయి ఏమని అడగాలో తెలియక కూర్చున్నాడు. "మిషను అమ్మినోళ్ల ఇంట్లో ఆడోళ్లు ఉంటారు కదా. కోడల్ని తోడు తీసుకోని పో," అంది ఆమె.

ఉంగరాన్ని గుడ్డలో చుట్టి కొంగున ముడి వేసుకుని నేను మా ఆయనతో కృష్ణగిరి బస్సెక్కాను. దారి పొడవునా ఆ ముడి నా నడుముకు తగులుతూనే ఉంది.

దళారి మమ్మల్ని చూసి మొదట నవ్వాడు. ఉంగరం సంగతి చెప్పగానే నవ్వు ఆగిపోయింది. "ఆ కథ మీకేంటికప్పా? మిషను నడుస్తుందా లేదా, అది చూసుకోండి," అన్నాడు. మా ఆయన కదలకుండా నిలబడేసరికి ఇల్లు మాత్రం చూపించి వెళ్లిపోయాడు.

కొండ కింది వీధిలో మంచి మిద్దె ఇల్లు. అరుగు మీద మామిడిపండ్ల గంపలు. యజమానికి నలభై దాటి ఉంటాయి. కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కుడిచేయి తువ్వాలు కింద ఉంది. మా ఆయన మెల్లగా, "మీ మిషను కొన్నోళ్లం అప్పా, హోసూరు నించి వచ్చినాం," అన్నాడు.

"అమ్మేసినాక దాని మాట నా కాడ ఎత్తొద్దు," అన్నాడు ఆయన. కోపంగా కాదు, అలసటగా.

ఇక మాటలు పెంచడం దేనికని నేను ముడి విప్పి ఉంగరాన్ని ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. చూస్తూనే ఉన్నాడు.  అప్పుడే ఆయన భార్య లోపలి నుంచి మజ్జిగ గ్లాసులు తెచ్చింది. బల్ల మీద పెట్టబోతూ ఉంగరాన్ని చూసింది. గ్లాసులు ఒక్కొక్కటే జాగ్రత్తగా కింద పెట్టింది. పెట్టి, అక్కడే నేల మీద కూర్చుంది. మగవాళ్ల వైపు చూడలేదు. నన్ను అడిగింది.

"యాడ దొరికిందమ్మా?"

"మిషను బల్ల కింద. బ్లేడు వెనక తిరిగే చక్రం ఉంటాది కదా, ఆ సందులో ఇరుక్కోని ఉన్నింది."

"ఎవురన్నా తీసి ఆడ పెట్టింటారా?"

"లేదమ్మా. ఎవురూ పెట్టేదానికి కాదు. బంకలో కూరుకోని రాయైపోయింది. నూనెలో నానబెట్టి పిన్నీసుతో పీకితే వచ్చింది."

ఆమె తల ఊపింది. ఊపుతూనే ఉంది. తర్వాత భర్త వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "విన్న్యావా?" అంది.

ఆయన తువ్వాలు తీశాడు. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉన్నాయి.  మా ఆయన కళ్లు దించుకున్నాడు. జరిగింది ఆయనే చెప్పాడు. మాకు చెప్పినట్టు లేదు, ఆ ఉంగరానికి చెప్పినట్టు ఉంది.

తన కలప మిల్లులో ఆయన, ఆయన భార్య తమ్ముడు కలిసి పని చేసేవారు. ఒకరోజు దుంగ తోస్తుంటే బ్లేడు పక్కకు కొట్టింది. కుడిచేతి మూడు వేళ్లు తెగిపోయాయి. బామ్మర్ది మిషను ఆపి, తన తలగుడ్డ విప్పి కట్టి, లారీని ఆపి ఆస్పత్రికి తీసుకుపోయాడు. "కండ్లు తెరిస్తే వాడొక్కడే పక్కన ఉన్న్యాడు. ఉంగరం యాడరా అంటే తెలీదు బావా అన్న్యాడు. పొట్టులో వేళ్లు దొరికినాయి. ఉంగరం దొరకలేదు. వేలికి లేదు, పొట్టులో లేదు. నేను తెలివిలో లేనప్పుడు నా చెయ్యి పట్టుకోనింది వాడే కదా అనుకున్న్యాను. అందరి ముందరా అడిగినాను."

"అడగలేదు," అంది భార్య. "దొంగ అన్న్యావు. నా పుట్టింటోళ్ల ముందరే అన్న్యావు. నా తల్లి ఆ మాట మోసుకోనే సచ్చిపోయింది. ఆ సావుకి కూడా నన్ను పంపలేదు నువ్వు. దొంగోళ్ల ఇంటికి పోకూడదన్న్యావు."

 మేము ఉంగరం తిరిగి ఇవ్వడానికి వచ్చాం. పోయిన వస్తువు దొరికిందని సంతోషిస్తారేమో, కాస్త భయపడతారేమో అనుకున్నాం. మా కొంగుముడిలో ఇంత మోసుకొచ్చామని మాకు తెలియదు. ఆయన ఎడమచేత్తో ఉంగరం తీయబోయాడు. అది వేళ్లకు చిక్కకుండా బల్ల మీద నుంచి జారి కింద పడింది. భార్య దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుని లేచింది.

"మీరు ఏ బస్సుకి పోతారమ్మా?" అని నన్నడిగింది.

"ఇప్పుడొచ్చే హోసూరు బస్సుకే."

"నేనూ వస్తాను. నా తమ్ముడు మత్తిగిరి పశువుల ఫారంలో పని చేస్తా ఉండాడంట."

"ఇప్పుడే పోవాల్నా?" అన్నాడు భర్త. 

 ఆమె లోపలికి పోయి చెప్పులు వేసుకుని వచ్చింది. సంచీ లేదు, చీర మార్చుకోలేదు. మజ్జిగ గ్లాసులు అలాగే ఉన్నాయి.

బస్సులో నా పక్కనే కూర్చుంది.  శూలగిరి దాటాక, "ఆ చక్రం ఎంతుంటాదమ్మా?" అని అడిగింది. నా బొటనవేలు, చూపుడువేలు సున్నాలా చేసి చూపించాను. "ఇంతేనా?" అంది. కాసేపటికి మళ్లీ, "ఇంతేనా," అంది. కళ్లలో నీళ్లు లేవు. నాకే ఆగలేదు, కిటికీ వైపు తిరిగి తుడుచుకున్నాను.

ఆమెతోపాటు మత్తిగిరికి పోయి, పశువుల ఫారం గేటు దగ్గర చెప్పి పంపితే కాసేపటికి ఆమె తమ్ముడు వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, బక్కపలచగా ఉన్నాడు, భుజాల మీద గడ్డిపోచలు. అక్కను చూసి దూరంగానే ఆగిపోయాడు. 

"ఎవురు పోయినారక్కా?" అన్నాడు.

తల్లి చావుకు కూడా పంపని ఇంటి నుంచి అక్క వచ్చిందంటే, ఆ ఇంట్లోనే ఎవరో పోయి ఉంటారని అతను అనుకున్నాడు. అందుకే ఆ ప్రశ్న. అది నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

ఆమె గుప్పిట తెరిచింది. అతను దగ్గరికి వచ్చి చూశాడు. ఎలా దొరికిందో నన్నే చెప్పమంది ఆమె. చెప్పాను. అతను సంతోషించలేదు. పశువుల నీళ్లతొట్టి గట్టు మీద కూలబడ్డాడు.

"వేళ్లు నేనే ఏరినానక్కా," అన్నాడు. "పొట్టంతా చేతుల్తో జల్లించినాను. కింది గైడు చూడాలని నాకు తోచలేదు. ఆ చక్రం ముందు నించే పట్టేసి ఉన్నింది. సుత్తితో ఒకటి కొట్టేది, మళ్లా మిషను తోలేది. ఆడ ఉంటాదని..." ఆపేశాడు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. మేము వచ్చేశాం. వచ్చేటప్పుడు ఆమె మావైపు చూడలేదు, చూడాలని మేమూ అనుకోలేదు.

ఇంట్లో మిషను విప్పిన ముక్కలు గోనెసంచి మీద అలాగే ఉన్నాయి. అమ్మేద్దాం అని నేను, పారేద్దాం అని మా అత్త. మా ఆయన మాత్రం వాటి ముందు కూర్చునేవాడు. ఆ ఆదివారం ఆ తమ్ముడు మా షెడ్డుకు వచ్చాడు. అక్క అతని గదిలోనే ఉందట. మిషనును చూస్తానన్నాడు. చూసి, బల్ల కింద దూరి, గైడు ఉండే చోట చేయి పెట్టి చాలాసేపు పడుకున్నాడు. మేం బయటే నిలబడ్డాం. లేచి వచ్చాక మా ఆయనతో ఒకటే అన్నాడు.

"దీన్ని ఇట్లనే ఇంకొకరికి అమ్మొద్దండన్నా. బాగు చేసి పెట్టుకోండి. నాకు తెలిసింది నేను చెప్తాను."

అలా ఇద్దరూ పూనుకున్నారు. అతనికి ఎప్పుడు వీలైతే అప్పుడు వచ్చేవాడు. రెండు గైడుల చిన్న చక్రాలూ తీసేశారు. వాటి స్థానంలో బెంగుళూరు పాత సామాన్ల అంగడిలో వెతికి బాల్ బేరింగులు తెచ్చారు. ఇరుసులు లేత్ షాపులో కొత్తగా తీయించారు. వేలితో తాకితే చాలు, బేరింగు తిరుగుతూనే ఉండేది. అరిగిన ఇత్తడి దిమ్మలకు బదులు చింతచేవ దిమ్మలు పెడదామని మా ఆయన ఆలోచన. ఇనుములాంటి కర్ర, బ్లేడుకు తగిలినా దాన్ని పాడుచేయదు. ఆముదంలో వాటిని నేనే కాచాను. ఇల్లంతా ఆ వాసనే. ఆకురాయితో, ఉప్పుకాగితంతో ముఖాలు చదును చేసి, బ్లేడుకూ దిమ్మకూ మధ్య కాగితం దూరేంత సందు వదిలి బిగించారు. పళ్లకు తగలకుండా దిమ్మలను కొంచెం వెనక్కు పెట్టారు. వెనక బేరింగును కూడా, కోత లేనప్పుడు బ్లేడు తాకకుండా, ఒక వెంట్రుకంత దూరంలో ఉంచారు.

ఇదంతా మా ఆయనకు తెలిసిన పనే. తమ్ముడు అడిగి చేయించింది మరొకటి. పై గైడుతోపాటు పైకీ కిందికీ జరిగేలా రేకు తొడుగు ఒకటి చేయించాడు. చెక్క ఎంత మందముందో అంతమేరకే బ్లేడు కనిపించాలి, మిగతాదంతా రేకు లోపల ఉండాలి. "ఆ పొద్దు పై గైడు ఈడ ఉన్నింది," అని తన తల ఎత్తుకు చేయి చూపించాడు. "చెక్క ఈడ," అని నడుము దగ్గర చూపించాడు. ఆ మధ్యన ఉన్నంత బ్లేడూ ఏ అడ్డూ లేకుండా తిరిగిందన్నమాట.

మిషను తిరిగి నడిపిన రోజు మా అత్త వాకిట్లో కళ్లు మూసుకుని నిలబడింది. స్విచ్చి వేయగానే నేను చెవులు మూసుకున్నాను. కానీ మునుపటి కీచు లేదు, కొట్టుకోవడం లేదు. నీళ్లు పారుతున్న చప్పుడులాంటిది ఒకటి వినిపించింది. మొదటి చెక్క తమ్ముడే తోశాడు. అతని మెడ మీద చెమట కాలువలు కట్టింది. చెక్క గీత తప్పకుండా రెండుగా విడిపోయింది. అతను రెండు ముక్కలూ పక్కన పెట్టి, బయటికి పోయి, గోడవారన వాంతి చేసుకున్నాడు.

కొద్దిరోజులకు కృష్ణగిరి యజమాని మా షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. బామ్మర్ది కోసం పశువుల ఫారానికి పోతే, మా షెడ్డులో ఉంటాడని అక్కడ చెప్పారట. అప్పుడు లోపల మిషను నడుస్తోంది. ఆ చప్పుడు వినగానే ఆ పెద్దమనిషి వాకిట్లోనే గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. నేను లోపలికి సైగ చేశాను. మిషను ఆగింది. తమ్ముడు తలనిండా పొట్టుతో బయటికి వచ్చాడు.

ఇద్దరూ చూసుకున్నారు.  

"చెయ్యి చూపియ్యి బావా," అన్నాడు తమ్ముడు.

ఆయన చూపించాడు. తమ్ముడు ఆ చేతిని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, కుట్లు పడిన చోట వేలితో నొక్కి చూశాడు. ఆస్పత్రిలో కట్టు కట్టినప్పటి నుంచి అతను ఆ చేతిని చూడలేదు. "బాగానే మానింది," అన్నాడు.

ఆ మాటకు ఆయన వలవల ఏడ్చేశాడు. కిందికి వంగి కాళ్లు పట్టుకోబోయాడు. తమ్ముడు చటుక్కున వెనక్కు జరిగాడు.

"వద్దు. నా కాళ్లు పట్టుకుంటే మా అమ్మకి వినబడతాదా? దొంగ అని యాడ చెప్పినావో ఆడికి పోయి చెప్పు. ఎవురి ముందర అన్న్యావో వాళ్లందరి ముందరా చెప్పు."

కోపంగా అనలేదు. చెక్క కొలత చెప్పినట్టు చెప్పాడు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. ఆయన తలూపి, మేమిచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. వెళ్తాడని మా ఆయన నమ్మలేదు. పరువుగల మనిషి, ఏదో సర్దుకుంటాడులే అన్నాడు.

వెళ్లాడు. వేప్పనపల్లి దగ్గరి తన అత్తగారి ఊరికి పోయి, రచ్చబండ దగ్గర బంధువులందరినీ కూర్చోబెట్టి, వేళ్లు తెగిన చేయి పైకెత్తి, ఉంగరం మిషనులో దొరికిందని, తాను అన్నది అబద్ధమని చెప్పాడట. నా పుట్టిల్లు ఆ పక్కనే కాబట్టి అక్కడున్నవాళ్లు నాకు చెప్పారు.  ఒక ముసలామె, "ఇప్పుడు చెప్పి ఏం చేసేది నాయనా, మీ అత్త పోయింది కదా," అందట. ఆయన దానికీ తల వంచుకుని నిలబడ్డాడట.

ఆ తర్వాతే ఆయన భార్య కృష్ణగిరికి తిరిగి పోయింది. ఉంగరం ఏమైందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తమ్ముడు మాత్రం ఆ ఇంటి గడప తొక్కలేదు. అక్కే వచ్చి పోతూ ఉండేది.

మరుసటి మామిడికాపుకు అతని పెళ్లి జరిగింది. అమ్మాయిది మా పుట్టింటి పక్క ఊరే. తోటలోనే పందిరి. మేమందరం వెళ్లాం, మా అత్త కూడా. తాళి కట్టాక భోజనాలకు పంక్తి వేశారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూడా మాతోనే కూర్చున్నారు. వడ్డించే మగవాళ్లలో కృష్ణగిరి బావ కూడా ఉన్నాడు. ఎవరూ పిలవలేదు, తనే పులుసు బకెట్టు ఎత్తుకున్నాడు. మోచేతికి బకెట్టు తగిలించుకుని, ఎడమచేత్తో గరిట పట్టుకుని మొదటి ఆకు దగ్గరికి వచ్చాడు.

ఆ ఆకు ముందు కూర్చున్న పెద్దాయన తన ఆకు మీద చేయి అడ్డం పెట్టాడు. "ఎడంచేత్తోనా?" అన్నాడు గట్టిగా.

పంక్తిలో వాళ్లంతా తలలు తిప్పి చూశారు. బావ గరిటను కుడిచేతికి మార్చుకోబోయాడు. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య అది నిలవలేదు. బకెట్టులో పడి పులుసు ఆయన పంచె మీద చింది పడింది. వంటపందిరి దగ్గర నిలబడిన ఆయన భార్య కదల్లేదు. నాకు కళ్లెత్తాలంటే భయం వేసింది.

"బావా," అని వినిపించింది. పెళ్లికొడుకు గొంతు. "ఈడికి రా. ముందు నాకు వెయ్యి."

బావ అలాగే నిలబడ్డాడు.

"రా బావా, అన్నం చల్లగయిపోతా ఉండాది."

ఆయన వచ్చాడు. ఎడమచేత్తో గరిట ముంచి పెళ్లికొడుకు ఆకులో పోశాడు. పెళ్లికూతురు బిత్తరపోయి మొగుడి ముఖంలోకి చూసింది. అతను అన్నం కలుపుకుని పెద్ద ముద్ద ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. "ఈమెకి కూడా వెయ్యి," అన్నాడు నములుతూనే. నా వంతు వచ్చినప్పుడు నేను ఆకు దగ్గరికి జరుపుకున్నాను. మా అత్త ఏమంటుందోనని ఓరగా చూశాను. ఆమె, "ఇంకొంచెం పొయ్యి నాయనా," అంది.

పెద్దాయన కాసేపు అటూ ఇటూ చూసి, ఆకు మీది చేయి తీసేశాడు. ఆ పంక్తి చివరిదాకా బావే వడ్డించాడు. సగం పులుసు ఆకుల బయటే పడింది.